తలుపు మీద ఒక దెబ్బ

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. దీర్ఘాలు ఇంకా తడబడుతుంటాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక కలం పైకెత్తి కూర్చుంటాను. మీరు ఒక పేజీ రాసేలోపు నేను ఒక వరస రాస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా నిదానానికి విసుక్కోకండి.

గ్యారేజీ గుడ్డలు మామూలు సబ్బుకి లొంగవు. ముందురోజే చాకలిసోడా వేసిన వేణ్ణీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే బండమీద వేసి బ్రష్షుతో రుద్దాలి. ఎంత రుద్దినా నీళ్ళు నల్లగానే వస్తాయి, గుడ్డ మాత్రం తెల్లబడదు. కూర్మమ్మ ఎడమభుజం యాక్సిడెంటులో విరిగి అతుక్కుంది, కానీ తలదాకా లేవదు. అందుకని గుడ్డ ఒక కొస పాదంకింద తొక్కిపెట్టి, రెండో కొస కుడిచేత్తో మెలితిప్పి పిండుతుంది. కొడుకు పవన్ టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ అది చూస్తూనే ఉంటాడు. మిషన్లో వెయ్యమని మాత్రం అనడు. మిషన్లో కస్టమర్ల సీటు కవర్లు ఉతుకుతారు, వాటికి గ్రీజు అంటకూడదు.

బరంపురంలో అస్కా రోడ్డు మొదట్లోనే వాళ్ళ ఇల్లు. ముందు గ్యారేజీ, వెనక రెండు గదులు, మధ్యలో నుయ్యి. గ్యారేజీలో పనిచేసే ఒడియా మేస్త్రీలు ఆమెని మావుసీ అంటారు. అమ్మ చెల్లెలన్నమాట. ఆ పిలుపు వెనకాలే 'చా', అంటే టీ, అన్న మాట కూడా వస్తుంది. పొయ్యిమీద అన్నం ఉన్నా, చేతినిండా సోడానీళ్ళు ఉన్నా, ఆమె ఆఁ అని ముందు పలుకుతుంది, తరవాత లేస్తుంది. అది మొగుడు తవిటయ్య నేర్పిన అలవాటు. లారీ దిగి గుమ్మంలో అడుగుపెడుతూ 'కూర్మీ' అనేవాడు. పేరు పూర్తయ్యేలోపు ఆమె నోటంట ఆఁ రావాలి. రాకపోతే 'సెవుడొచ్చినాదేటి' అనేవాడు. కొట్టలేదు ఎప్పుడూ. కొట్టని మొగుడని వీధిలో ఆమెని చూసి కుళ్ళుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

తవిటయ్య మంచి డ్రైవరు. అది శత్రువులు కూడా ఒప్పుకుంటారు. ఖల్లికోట నుంచి చేపలు, అస్కా నుంచి పంచదార, పురుషోత్తంపూర్ నుంచి ధాన్యం, ఏ లోడైనా చెప్పిన వేళకి చేర్చేవాడు. లారీలో అతని ఎడమపక్కన క్లీనరు కూర్చునేవాడు. కూర్చోవడం అంటే నిద్రపోవడం కాదు. ఎడమవైపు డ్రైవరుకి కనిపించనిదంతా క్లీనరు చూడాలి. చూసి, చెయ్యి బయటపెట్టి తలుపు రేకు మీద అరచేత్తో కొట్టాలి. ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే పో. ఇంజన్ మోతలో మాట వినపడదు, దెబ్బ వినపడుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమెని లారీలో పుట్టింటికి తీసుకెళ్ళినప్పుడు కూర్మమ్మ అది చూసి ఆశ్చర్యపోయింది. క్లీనరు మీసం కూడా సరిగ్గా రాని మనిషి. అతను తలుపు మీద ఒక్కటి కొట్టగానే, ఇంట్లో కన్నతల్లి మాటకే ఆగని తవిటయ్య కాలు టక్కున బ్రేకు మీదికి వెళ్ళింది. ఎందుకు కొట్టేవని కూడా అడగలేదు. ఆగిన తరవాత తల బయటపెట్టి చూసుకున్నాడు. అక్కడొక మేకపిల్ల ఉంది.

పవన్ చిన్నప్పుడు ఆ లారీలోనే పెరిగాడు. ఇంట్లో బియ్యం డబ్బా మీద ఒక దెబ్బ కొట్టి, నాన్న ఆగిపోతే నవ్వేవాడు. రెండు కొడితే నాన్న నడిచేవాడు. ఇప్పుడు గ్యారేజీలో కార్లు వెనక్కి తీస్తున్నప్పుడు కూడా మేస్త్రీ డిక్కీ మీద ఒకటి కొడితే చాలు, పవన్ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

తవిటయ్య లారీ మానేసి, పాత డీజిల్ కారొకటి కొనుక్కున్నాడు. ఆ కారులోనే పోయాడు. అస్కాలో ఉన్న చెల్లెలు కన్నమ్మ ఇంటికెళ్ళి తిరిగివస్తూ, చెరకులోడు లారీని దాటబోయి, ఎదురొచ్చిన బస్సు కింద పడ్డాడు. పక్కన కూర్మమ్మ ఉంది. ఆమెకి భుజం విరిగింది, అతనికి ఏమీ మిగల్లేదు.

బండి చూసి పవన్ అన్నాడు, నాయిన కాలు యాక్సిలేటరు మీద పూర్తిగా నొక్కే ఉంది, బండే వెంటనే అందుకోలేదని. ఆ మాట చెప్పిచెప్పి చివరికి అదే గ్యారేజీకి బోర్డు అయింది. కుర్రకారు కార్లు తీసుకొస్తే ముందు వాళ్ళని గోడ దగ్గరికి తీసుకెళతాడు. అక్కడ తవిటయ్య ఫొటో ఉంటుంది. దాని పక్కన చిన్న అరమీద, ఆ కారులోంచి విప్పిన టర్బో ఉంటుంది. నత్తగుల్లలా చుట్ట తిరిగిన ఇనపముద్ద. విశ్వకర్మ పూజనాడు దానికి కూడా బొట్టు పెడతారు. 'ఇది ఆలీసం సేసినాది, మా నాయిన పోయినాడు' అంటాడు పవన్, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. తరవాత పని వివరిస్తాడు. కూర్మమ్మ టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఎన్నిసార్లు విందో, ఆమెకీ వచ్చేసింది. ఇంజన్ వదిలే పొగ బయటికి పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. ఎంత గాలి పడితే అంత బలం. గాలి మరీ ఎక్కువై ఇంజన్ పగలకుండా, పొగని పక్కదారిన వదిలే చిన్న తలుపు ఒకటి ఉంటుంది. పాత పద్ధతిలో ఆ తలుపు స్ప్రింగు మీద ఆడుతుంది, గాలి కొంచెం పెరగ్గానే తొందరపడి కాస్త తెరుచుకుంటుంది. బలం అక్కడే కారిపోతుంది. తోలేవాడు కాలు నొక్కుతాడు, బండి కాసేపు ఊరుకుంటుంది, ఆ తరవాత లాగుతుంది. పవన్ ఆ తలుపుకి వెళ్ళే గొట్టం మధ్యలో కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు పెడతాడు. కంప్యూటరు సరే అనేదాకా ఆ వాల్వు తలుపుని మూసే ఉంచుతుంది. పొగంతా చక్రానికే పోతుంది. 'కాలు అలా ఆన్చితే సాలు, పలికేస్తాది' అంటాడు పవన్. అలా అంటున్నప్పుడు అతని ముఖంలో తవిటయ్య కనిపిస్తాడు. పిలవగానే పలికేది ఏదైనా ఆ తండ్రీకొడుకులకి ఇష్టం.

కూర్మమ్మ మాత్రం ఆ నత్తగుల్ల వైపు చూడదు. అర తుడిచేటప్పుడు కూడా పక్కకి చూస్తూ తుడుస్తుంది. ఎందుకంటే దాని తప్పేమీ లేదని ఆమెకి తెలుసు.

ఆ రోజు ఆమె ఎడమవైపు సీటులో కూర్చుని ఉంది. రోడ్డు ఎడమకి వంపు తిరుగుతోంది. చెరకులారీ ముందుంది. తవిటయ్యకి దాని వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. కూర్మమ్మ వైపు నుంచి, లారీ పక్కసందులోంచి, కోతకోసిన పొలం మీదుగా, వంపు అవతల వస్తున్న బస్సు కనిపించింది. ఆమె చెప్పింది. ఏవండీ, బస్సొస్తంది, ఆగండి, అని. తవిటయ్య 'నోరు ముయ్యి, బండి నువ్వు తోల్తన్నావా నాను తోల్తన్నానా' అన్నాడు. కోపంగా కూడా కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టు అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను కాలు నొక్కాడు.

ఆసుపత్రిలో భుజానికి కట్టు కట్టి పడుకోబెట్టినప్పుడు, కన్నమ్మ మంచం పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆ పోయిన గొంతుతోనే అడిగింది. "వదినా, అన్న బండి తోల్తన్నప్పుడు నువ్వేటైనా అన్నావా? ఆడది పక్కన కూకుని గోల సేస్తే మొగోడి సెయ్యి బెదురుతాది." అక్కడ పవన్ ఉన్నాడు, ఇరుగుపొరుగు ఉన్నారు. అందరూ ఆమె నోటివైపు చూస్తున్నారు. ఏటీ అననేదు, అంది కూర్మమ్మ. ఆగమన్నాను అని చెబితే, ఆగమనడంవల్లే పోయాడంటారు. ఆ సంగతి ఆలోచించడానికి ఆమెకి క్షణం కూడా పట్టలేదు. అడిగిందే తడవు పలికింది, ఎప్పటిలాగే. ఆ తరవాత పవన్‌కి తప్పు మోపడానికి బండి దొరికింది. ఇనపముద్ద కదా, మోస్తే మోసింది, ఎవరికి నష్టమని ఊరుకుంది.

నష్టం ఎవరికో కోడలు వచ్చాక తెలిసింది.

కీర్తిది ఇచ్ఛాపురం. డిగ్రీ చదివింది. ఉద్యోగం చేస్తానంటే, మన గ్యారేజీలో కంప్యూటరు పని బోలెడు ఉందన్నాడు పవన్. ఆ పనికి జీతం లేదు. మధ్యాహ్నం గిన్నెలయ్యాక, నూతిగట్టు మీద సుద్దముక్కతో అత్తకి అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. కూర్మమ్మ మొదట నేర్చుకున్నది తన పేరు కాదు. 'ఆగు' అన్న మాట. రెండే అక్షరాలు, సుళువని కీర్తి నేర్పింది. కూర్మమ్మ అది రాసి చాలాసేపు చూసి, చెంగుతో తుడిచేసింది.

కీర్తి చేసే కంప్యూటరు పని రోడ్డు మీద ఉంటుంది. వాల్వు బిగించిన ప్రతి కారునీ పవన్ అస్కా రోడ్డు మీద పరుగు పెట్టిస్తాడు. పక్కసీటులో కీర్తి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, గాలి ఒత్తిడి ఎంతకి చేరుతోందో అంకెలు చదవాలి. ఆ అంకెలు విని అతను లెక్క మార్చుకుంటాడు. పవన్‌కి పెళ్ళాం మాట మీద గురి లేదని ఎవరూ అనలేరు. ఆమె చదివిన అంకె తప్పవుతుందేమోనని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

ఒకరోజు గిన్నెలు తోముతూ కీర్తి తల ఎత్తకుండా అంది.

"అత్తా, నాకు బయమేస్తంది. ఎదర బండొస్తందంటే, నువ్వు అంకెలు సూడు అంటారు. మీరొకసారి సెప్పండి. మీ మాటైతే ఇంటారు."

నా మాటా, అనుకుంది కూర్మమ్మ. అయినా ఆ రోజు పవన్‌కి అన్నం వడ్డిస్తూ, కోడలు బెదురుతోంది, ఇంకెవరినైనా తీసుకెళ్ళరాదా అంది. పవన్ ముద్ద కలుపుతూనే జవాబిచ్చాడు. నాయిన ఎలాగ పోయేడో నీ కళ్ళతో సూసి కూడా ఇలాగంతావేటమ్మా, ఇంకో ఇంటికి అలాటి సావు రాకూడదనే గదా ఈ పాట్లన్నీ. చారు వెయ్యి అన్నాడు. ఆమె చారు వేసింది. గరిటె కడిగి బోర్లించింది. కొడుకు చెప్పిన అబద్ధం తనదే. ఆ అబద్ధం ఇప్పుడు ప్రతిరోజూ కీర్తిని ఆ ఎడమసీటులో కూర్చోబెడుతోంది. నిజం చెప్పాలంటే నోరు కావాలి. ఆ నోరు ఎవర్ని ఆపిందని ఇప్పుడు ఆపడానికి?

చెరకు కోతల రోజుల్లో కన్నమ్మ మనవరాలికి పేరు పెడుతున్నారని అస్కాకి పిలుపు వచ్చింది. పవన్ తన సొంత కారు తీశాడు. నాయిన కారు లాంటిదే, అదే రంగు, వెతికి మరీ కొన్నాడు. వాల్వు కొత్తది బిగించాడు. వెళ్ళేటప్పుడు నెమ్మదిగానే వెళ్ళారు. కన్నమ్మ ఇంట్లో భోజనాలయ్యాక వసారాలో కూర్చోబెట్టుకుని అందరికీ మళ్ళీ అదే కథ. అన్న ఉంటే ఎంత సంబరపడేవాడో, ఆ దిక్కుమాలిన బండి లాగి ఉంటే బతికుండేవాడు. "మా వదిన మంచిది గాబట్టి పక్కన నోరెత్తకుండా కూకున్నాది. లేపోతే మనకి ఆ అనుమానం కూడా ఉండిపోయీది" అంది, కూర్మమ్మ చేతిలో తమలపాకులు పెడుతూ. మెచ్చుకోలే అది. కూర్మమ్మ ఆకుల ఈనెలు తీస్తూ కూర్చుంది.

తిరుగుదారిలో కీర్తి ముందుసీటులో లాప్‌టాప్ తెరిచింది. ఎలాగూ వెళ్తున్నాం కదా, లెక్క చూసుకుందాం అన్నాడు పవన్. కూర్మమ్మ వెనక, ఎడమవైపు కూర్చుంది. కిటికీ అద్దం దించి ఉంది. ఎండ తగ్గి, కోసిన చెరకు వాసన గాలిలో తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఉంది. పవన్ కాలు నొక్కినప్పుడల్లా కీర్తి అంకె చెబుతోంది, కారు నిజంగానే నొక్కిందే తడవు ముందుకి దూకుతోంది. సూసేవామ్మా, అని అద్దంలోంచి నవ్వాడు పవన్. ఈ బండిలో నాయినుంటే, అన్నాడు.

దారిలోని హింజిలి ఊరు ఇంకా రాలేదు. ముందు చెరకులోడు లారీ వచ్చింది. రోడ్డు ఎడమకి వంపు తిరిగింది. అదే వంపు కాదు. ఆ రోడ్డు మీద అలాంటివి చాలా ఉన్నాయి. లారీ మీంచి వేలాడుతున్న చెరకాకులు రోడ్డుని ఊడుస్తున్నాయి. పవన్ కారుని కుడికి తీశాడు.

"ఆగండి" అంది కీర్తి. "ఎదర ఏదో వస్తంది."

"నువ్వు అంకెలు సూడు."

"ఏవండీ, బస్సు..."

"బండి నాను తోల్తన్నానా, నువ్వా?"

కూర్మమ్మకి బస్సు కనిపించింది. కొట్టేసిన పొలం అవతల, పైన మూటలతో, తాపీగా వస్తోంది. ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. వచ్చినా ఏమవుతుందో ఆమెకి తెలుసు, ఆ మాట ఒకసారి ఇలాంటి చోటే వచ్చింది. ఎడమచెయ్యి కిటికీలోంచి బయటికి వెళ్ళింది. భుజంలో అతుకు పడ్డచోట కత్తి దిగినట్టయింది. అరచెయ్యి చాపి తలుపు రేకు మీద ఒక్కటి కొట్టింది.

కారు ఆగిపోయింది. పవన్ కాలు పెళ్ళాన్నీ అడగలేదు, తల్లినీ అడగలేదు, తనని కూడా అడగలేదు. లాప్‌టాప్ కీర్తి మోకాళ్ళ మీంచి జారి కిందపడింది. చెరకులారీ ముందుకి సాగిపోయింది. పవన్ స్టీరింగు ఎడమకి తిప్పి లారీ వదిలిన జాగాలోకి కారుని దొర్లించేసరికి, బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనించి పోయింది. కారంతా ఊగింది.

పవన్ కారు రోడ్డు దింపి, ఇంజన్ ఆపాడు. తరవాత వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఎవులు కొట్టినారు?"

"నాను" అంది కూర్మమ్మ.

అతను అద్దంలో ఆమెని చూశాడు. ఆమె చెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంది, లోపలికి తీసుకోవడానికి భుజం సహకరించలేదు. ఆ చెయ్యిని అలాగే ఉంచి, తొందరపడకుండా, ఒక్కో మాటా ఏరుకుని చెప్పింది.

"మీ నాయిన బండి ఆలీసం సెయ్యనేదురా. ఆయన కాలు నొక్కకముందే సెప్పినాను, బస్సొస్తంది ఆగండని. మళ్ళీ సెప్పినాను. ఇలాగ తలుపు మీద కొట్టుంటే ఆగీవోడు. నాను నోటితో సెప్పినాను."

కీర్తి భర్త ముఖం వైపు చూసింది. ఏడుస్తాడనుకుంది. కూర్మమ్మ కూడా అనుకుంది. లేదంటే అబద్ధమని అరుస్తాడని. పవన్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టాడు. అన్నాడు, చాలా మెల్లిగా, బతిమాలుతున్నట్టు.

"ఈ మాట గ్యారేజీలో ఎవులి దగ్గిరా అనకమ్మా."

కూర్మమ్మకి ఆ మాట ఆఁ అని పలకమన్న మాటే. ఇన్నేళ్ళూ అలాంటిది చెవిన పడగానే నోట్లోంచి ఆఁ వచ్చేది. ఈసారి రాలేదు. రాకపోతే ఎలా ఉంటుందో చూస్తున్నట్టు ఆమె ఊరుకుంది. పవన్ అద్దంలో చూస్తూ ఎదురుచూశాడు. అమ్మా, అన్నాడు మళ్ళీ. ఆమె కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని లోపలికి తెచ్చుకుంది, తలుపు తెరిచింది, దిగింది.

కీర్తి వంగి, కిందపడ్డ లాప్‌టాప్ తీసి మూసి, తను కూర్చున్న సీటులో పెట్టింది. తనూ దిగింది. ఎక్కడికి అని పవన్ అడిగాడు గాని, అడిగినది తల్లినో పెళ్ళాన్నో అతనికే తెలిసినట్టు లేదు. ఇద్దరూ చెరకుపిప్పి పరుచుకున్న రోడ్డువార వెంట ముందుకి నడిచారు. ఒకచోట జనం బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన నిలబడ్డారు.

బరంపురం బస్సు వచ్చింది. ఎక్కి, ఎడమవైపు సీటు చూసుకుని కూర్చున్నారు. మెట్ల మీద వేలాడుతున్న క్లీనరు వెనక్కి ముందుకి చూసుకుని, తలుపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు కదిలింది.

రాసింది కూర్మమ్మ, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బరంపురంలోనే, గ్యారేజీ ఉన్న వీధిలో మాత్రం కాదు. దిద్దిపెట్టడానికి కీర్తి నా దగ్గరే ఉంది.